తల్లి రాని పిల్లికూన

శ్రీవైష్ణవ గృహములలో పిల్లలు ఊహ తెలిసినది మొదలు వినుచు వచ్చు ఉపమానములు రెండు కలవు. ఒకటి మర్కటకిశోర న్యాయము, రెండవది మార్జాలకిశోర న్యాయము. కోతిపిల్ల తల్లి కడుపును తన చేతులతో కరచుకొని యుండును. పట్టు విడిచినచో నేలపాలగును. పిల్లికూన యట్లు కాదు. అది దేనిని పట్టుకొనదు. ఉన్నచోటనే యుండి కూయును. తల్లియే వచ్చి, మెడమీది తోలును నోట కరచి, పన్ను నాటనీయక, కావలసిన చోటికి గొనిపోవును. జీవుడు భగవంతుని పట్టుకొనవలెనా, భగవంతుడే జీవుని పట్టుకొనునా యను విచారమున వడగలై, తెంగలై సంప్రదాయముల వారికి గల భేదమును పెద్దలు ఈ రెండు జంతువుల మూలమున సులభముగ తెలియజెప్పుచుందురు. వేదాంతదేశికుల గ్రంథములను గాని, పిళ్లైలోకాచార్యుల రహస్యములను గాని చదువని వారు సైతము ఈ కోతిని, ఈ పిల్లిని ఎరుగుదురు.

అయితే, ఈ ఉపమానమును విన్న పసివాడు ఒక్కొక్కప్పుడు పెద్దలు ఎదురుచూడని ప్రశ్న నడుగును: "తాతగారూ, మరి తల్లిపిల్లి రాకపోతే?"

దృష్టాంతము ఏకదేశమున మాత్రమే సరిపోవునని, పోలిక అన్ని అంశములయందును చెల్లవలెనను నియమము లేదని సమాధానము చెప్పవచ్చును. అది శాస్త్రసమ్మతమే. కాని ప్రశ్న అంతటితో చల్లారదు. ఏలయన శ్రీకాకుళ, విజయనగర మండలములలో ఈ ప్రశ్న ఉపన్యాసశాలలో కంటె పెరటియందే తరచుగా పుట్టుచున్నది. పిల్లి కట్టెలపాకలోనో, గడ్డివాము సందుననో, పెంకుటింటి అటకమీదనో ఈనును. ఈ తీరము తుపానుల తీరము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ వచ్చి పోయిన వైనము ఇచటి వారికి వేరుగ చెప్పనక్కరలేదు. అంత పెద్ద గాలి రానక్కరలేదు. ఒక్క రాత్రి గట్టి వాన చాలును. తెల్లవారునప్పటికి పాకలో నొక కూన తడిసి, చలిబారి, కనులు తెరువకయే కూయుచుండును. అరచేతిలో నిముడును. బరువు నూరు గ్రాములకు అటునిటు. తల్లి కానరాదు.

తులసికోటకు నీరు పోయుటకు వచ్చిన గృహిణి ఆ కూత వినును. ఆ క్షణమున ఆమె యెదుట నిలుచునది వేదాంత ప్రశ్న కాదు, ధర్మప్రశ్న. ఆ రెండును ఒకటే యని తెలియుటకు కొంత కాలము పట్టును.

ఆమె మనస్సున సందేహములు లేకపోలేదు. పిల్లి ఎదురైన అపశకునమందురు. మడి వంటయింటికి పిల్లి పనికిరాదందురు. పంచతంత్రమున దధికర్ణుడు, హితోపదేశమున దీర్ఘకర్ణుడు తపస్వి వేషము వేసిన పిల్లులే గదా! ధర్మశాస్త్రకారులు సైతము దొంగజపమునకు పిల్లి పేరే పెట్టి బైడాలవ్రతమన్నారు. కాని ఆ కథలు పిల్లిని గూర్చి చెప్పినవి కావు. పిల్లి చాటున మనుష్యుని గూర్చి చెప్పినవి. కనులైనను తెరువని కూన ఏ కపటమును ఎరుగును? ఇక శకునమందురా, వీధిలో ఎదురు వచ్చిన దానికే శకునముగాని, పెరటిలో ప్రాణము పోవుచున్న దానికి శకునశాస్త్రము వర్తింపదు.

దయగలవారు సాధారణముగ చేయు తప్పు ఇచటనే యున్నది. కూత వినగనే చేతిలోనికి తీసికొందురు. తల్లిపిల్లి తన పిల్లలను ఒకేసారి మోయజాలదు. చోటు మార్చవలసి వచ్చినపుడు ఒక్కొక్కదానిని గొనిపోవును. రెండింటిని చేర్చి మూడవదానికై తిరిగి వచ్చునప్పటికి అది లేకున్నచో, ఆ తల్లి యేమనుకొనునో చెప్పగలవారెవ్వరు? కూన పొట్ట నిండి, వెచ్చగ, నిద్రించుచున్నచో దానికి తల్లి యున్నట్లే. అట్టి దానిని తెచ్చుట రక్షణము కాదు, అపహరణము. కొంత దూరమున నిలిచి, కొన్ని గంటలు వేచి చూడవలెను. కుక్కల భయమున్నను, ఒడలు చల్లబడినను, కూత సన్నగిల్లుచున్నను వేచియుండుటకు వీలులేదు. ఎప్పుడు వేచియుండవలెనో, ఎప్పుడు చేయి చాపవలెనో ఎరుగుట దయలోని వివేకము. వివేకములేని దయ తరచుగ మన సంతోషము కొరకే యుండును.

చేయి చాపిన పిమ్మట పని మొదలగును. ఈ పని యెట్టిదో తెలిసిననేగాని ధర్మవిచారము గాలిలో మేడ యగును. మొదట చేయవలసినది పాలు పట్టుట కాదు, వెచ్చజేయుట. చలిబారిన కూన కడుపు పాలను అరిగించుకొనజాలదు. మొదటి మూడు నాలుగు వారములు తన ఒడలి వేడిని తాను నిలుపుకొను శక్తి దానికి లేదు. గుడ్డ చుట్టిన వేడినీటి సీసాను ప్రక్కనుంచి, అది వెచ్చబడిన తరువాతనే పాలు పట్టవలెను.

ఏ పాలు? వైష్ణవ గృహమున మొదట చేతికందునవి ఆవుపాలు. పెరుమాళ్లకు నివేదించునవి, పసిబిడ్డలకు పట్టునవి. గోక్షీరము అమృతమే, సందేహము లేదు. కాని ఆ అమృతము దూడ కొరకు సృజింపబడినది. పిల్లిపాలలో మాంసకృత్తులు ఆవుపాలలోని వానికంటె రెట్టింపునకు పైగా నుండును. ఆవుపాలలోని చక్కెర కూనకు జీర్ణము కాక విరేచనములు పట్టును. అంత చిన్న ప్రాణికి ఒక్కరోజు విరేచనములే మృత్యువు. కావున పశువైద్యుడు చెప్పిన పిల్లికూనల పాలపొడినే గోరువెచ్చని నీట కలిపి, చిన్న పాలసీసాతో పట్టవలసి యున్నది. మనుష్యశిశువునకు ఉగ్గుగిన్నెతో పోసినట్లు వెల్లకిల పరుండబెట్టి పోయరాదు. పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. తల్లి పొదుగున త్రాగునట్లే, పొట్ట క్రిందికి ఆని, తల కొంచెము పైకెత్తి త్రాగవలెను. మొదటి రెండు వారములు రెండు మూడు గంటలకొకసారి, రాత్రియనక, పగలనక. త్రాగిన ప్రతిసారి వెచ్చని తడిదూదితో మెల్లగ తుడిచిననేగాని కూన మూత్రమును గూడ విడువజాలదు. తల్లి నాలుకతో చేయు పని యది. పిల్లి తన కూనను నాకుచుండుట చూచి ముద్దు చేయుచున్నదని యనుకొను మనము, అది ఎంత ప్రాణాధారమైన పనియో ఆ దూదిముక్క చేతబట్టిన నాడు గాని తెలిసికొనము.

రోజుకు పదిగ్రాముల వంతున బరువు పెరిగినచో మేలు. ఏడు మొదలు పదునాలుగు దినములలో కనులు తెరువబడును. నాలుగవ వారమున మెత్తని ఆహారము నాకుట నేర్చును. ఇంత చేసినను తల్లిలేని కూనలు చనిపోవుట కద్దు. నిన్నటి రాత్రి చక్కగ త్రాగినది తెల్లవారునప్పటికి చల్లబడి యుండవచ్చును. ఏ లోపము జరిగెనో వెదకినను దొరకదు.

పసివాని ప్రశ్నకు సమాధానము వెదకవలసిన చోటు ఇదియే. తల్లిపిల్లి రాలేదు. కాని కూత విన్న చెవి యొకటి వచ్చినది. పది యిండ్ల వీధిలో ఆ కూత ఆమెకే యేల వినబడినది? తెంగలై ఆచార్యులు భగవంతుని కృప నిర్హేతుకమందురు. జీవుని యోగ్యత దానికి కారణము కాదు. శరణాగతి సైతము కారణము కాదు. ఆవు పాలిచ్చును, ఎద్దు దున్నును, కుక్క వాకిలి కాచును. వానిని పోషించుటలో కొంత వ్యవహారమున్నది. పిల్లి ఎలుకలను పట్టుననుట నిజమే యైనను, తల్లి వద్ద వేట నేర్వని సీసాపాల కూన ఆ విద్యనైనను ఎంతవరకు నేర్చునో చెప్పలేము. దాని వలన రావలసినది లేదు. అది చేసిన పుణ్యము లేదు. కూసినది, అంతే. అర్ధరాత్రి రెండు గంటలకు లేచి దానికి పాలు వెచ్చజేయువారు, నిర్హేతుకమను మాటకు అర్థమేమో ఇచ్చువారి వైపు నుండి తెలిసికొందురు. పుచ్చుకొనువారి వైపు నుండియే జన్మమంతయు చూచిన మనకు ఇది అరుదైన దర్శనము.

ఇందులోనే ప్రమాదమును కలదు. "నేను లేకున్న ఇది బ్రదుకదు" అను మాట యథార్థము. కాని ఆ యథార్థమే మెల్లగ అహంకారముగ మారును. కర్తృత్వ త్యాగమును నిత్యము సంకల్పమున చెప్పుకొను ఇంటిలోనే, పిల్లికూన విషయమున కర్తృత్వము దొడ్డిదారిని ప్రవేశించును. ఒక కూన చేతిలోనే చనిపోయిన నాడు మాత్రము ఈ భ్రమ నిలువదు. వెచ్చదనమిచ్చినను, వేళకు పాలు పట్టినను, ప్రాణమును నిలిపి యుంచుట మన చేతిలో లేదు. ఆ రాత్రి చీకటిలో కూర్చుండి ఏమియు తోచక "స్వామీ" యని యనుకొను మనుష్యుడు తానును కూనయే యని వేరెవ్వరును చెప్పకయే గ్రహించును.

ఇచట జడభరతుని కథ చెప్పి అడ్డుపడువారు కలరు. శ్రీమద్భాగవత పంచమస్కంధమున గల ఆ ఉపాఖ్యానము ఎల్లరెరిగినదే. రాజ్యమును విడిచి గండకీ తీరమున తపస్సు చేయుచున్న భరతుడు, సింహగర్జనకు బెదరి దుమికిన నిండుచూలాలైన లేడి గర్భము నుండి జారి నీట పడిన పిల్లను రక్షించెను. తల్లి మరణించెను. భరతుడు ఆ పిల్లను పెంచెను. దానినే తలచుచు దేహము విడిచి లేడియై పుట్టెను. కావున మృగమును పెంచరాదని ఈ కథ చెప్పుచున్నదా?

కథను నిదానముగ చదివినచో అట్లు తోచదు. నీట కొట్టుకొనిపోవు పిల్లను చేరదీయుట దోషమని భాగవతము చెప్పలేదు. చేరదీయక కనులు మూసికొని జపము చేసియుండినచో, ఆ జపమేపాటి జపము? దోషము తరువాత వచ్చినది. యమనియమములు ఒకటొకటిగ విడిపోయినవి, భగవత్పరిచర్య జారిపోయినది. లేడిపిల్ల పెరిగి గడ్డిమేయ నేర్చిన పిమ్మటను, అది కొంతసేపు కానరాకున్న భరతుడు విలవిలలాడెను. అనగా పిల్లకు అవసరము తీరిన తరువాత భరతునకు అవసరము మొదలైనది. దయ యెచట ముగియునో, మమకారమెచట మొదలగునో ఆ గీత అంత సన్ననిది. ఇంకొక్క సంగతి విస్మరింపరాదు: లేడి జన్మమునను ఆయనకు పూర్వస్మృతి చెడలేదు. తిరిగి సాలగ్రామ క్షేత్రమునకే వచ్చి ఎండుటాకులు మేయుచు దేహాంతమునకై వేచెను. ఆ దయ వ్యర్థము కాలేదనియే తలపవలసి యున్నది.

ఆ గీతను దాటకుండుటకు సీసాపాల కూన విషయమున లోకమున నొక చక్కని ఏర్పాటు కలదు. పెంచినవారు ఎనిమిది, పది వారములు నిండిన తరువాత కూనను మరియొక ఇంటి కిచ్చుట. రాత్రులు మేల్కొన్నవారు ఒకరు, జీవితాంతము ఉంచుకొనువారు మరియొకరు. ఆ రెండవవారిని తక్కువగ చూచుట సరికాదు. దేవకి కన్న బిడ్డను యశోద పెంచినది. కన్నది కాదను కారణమున యశోద మాతృత్వమును ఎవరు తగ్గించిరి? నాగేటి చాలున దొరకిన సీతమ్మకు జనకుడు తండ్రియే. తులసివనమున దొరకిన గోదాదేవికి పెరియాళ్వారు తండ్రియే. వైష్ణవ వాఙ్మయమున పెంపుడు తల్లిదండ్రులకు గల పీఠము సామాన్యమైనది కాదు. విడిచిపెట్టువారి బాధయు ఆ వాఙ్మయమున కలదు. అక్రూరుని రథము వ్రేపల్లె దాటునప్పుడు యశోదయు పెంచి యిచ్చిన తల్లియే.

ఇక స్వీకరించు గృహమునకు గల చిక్కు వేరు. అది ఆహారపు చిక్కు. శాకాహారమే వ్రతముగ గల ఇంటిలో పిల్లి యేమి తినును? పెరుగన్నముతో పెరిగిన పిల్లులను గూర్చి పెద్దలు చెప్పుదురు. నిజమే, కాని ఆ పిల్లులు పెరుగన్నము తిని, గాదెలో ఎలుకలను గూడ తినెడివి. తలుపులు మూసిన నేటి ఇంటిలో ఆ రెండవ భోజనము లేదు. పిల్లి స్వభావముచేతనే మాంసాహారి. క్యారెట్టులోని రంగుద్రవ్యమును విటమిన్ ఎ గా మార్చుకొను శక్తి దాని ఒడలికి లేదు. టారిన్ అను పదార్థము చాలకున్నచో పిల్లి కంటి లోపలి పొర చెడునని 1975లో, గుండె కండరము బలహీనపడునని 1987లో అమెరికా పరిశోధకులు కనుగొనిరి. మన నియమమును దాని కడుపుపై రుద్దినచో కొన్ని నెలలకో, కొన్నేండ్లకో అది గుడ్డిదగును, లేదా గుండె ఆగి చచ్చును. అపుడు హింస మానినట్లా, చేసినట్లా?

ఒక ప్రాణిని రక్షించుటకు వేరు ప్రాణుల మాంసము కొనవలసి వచ్చుట అహింసావ్రతమునకు సూటిగ తగులు ప్రశ్న. ఇది పూర్తిగ విడివడు ముడి కాదు; విడివడినదని చెప్పువారు తమను తాము మభ్యపెట్టుకొనుచున్నారు. మహాభారత వనపర్వమున మిథిలానగరపు ధర్మవ్యాధుడు ఇట్టి ముడి నడుమనే జీవించెను. తాను చంపడు, తాను తినడు, ఇతరులు చంపిన దాని మాంసమును అంగడిలో అమ్మును. తన వృత్తిలోని దోషమును దాచక, కౌశికునకు ధర్మము బోధించెను. ఆ మహాత్ముని యోగ్యత మనకు లేదు గాని, దోషమును దోషమని ఒప్పుకొను నిజాయితీ అలవరచుకొనవచ్చును. వంటయింటికి దూరముగ, వేరు పాత్రలో, నివేదనతో సంబంధము లేకుండ పిల్లి ఆహారము పెట్టుటకు మనస్సొప్పినవారు స్వీకరింపవచ్చును. ఒప్పనివారు స్వీకరింపకుండుటయే మేలు. అందులో తప్పు లేదు. వారు కూనను ఎనిమిది వారములు పెంచి, ఒప్పుకొను ఇంటికి చేర్చినను కైంకర్యమే. స్వీకరించి, నియమము పేరిట పస్తు పెట్టుట మాత్రము తగదు.

రక్షణ ధర్మము అన్ని ప్రాణుల యెడ ఒకే విధముగ నుండదని ఈ మండలములే నేర్పుచున్నవి. శ్రీకాకుళ సమీపమున శ్రీకూర్మ క్షేత్రమున స్వామి కూర్మరూపుడై పడమటి ముఖముగ వేంచేసియున్నాడు. ఆ ఆలయ ప్రాంగణమున నక్షత్ర తాబేళ్లు సంరక్షింపబడుచు వచ్చినవి. యాత్రికులు వానిని చూచి ముచ్చటపడి, అట్టిదానినొకటి ఇంట పెంచుకొనవలెనని కోరుట సహజము. అది కూడదు. నక్షత్ర తాబేలు వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో చేసిన సవరణ దానిని మొదటి షెడ్యూలున చేర్చినది. పిల్లి ఇంటి ప్రాణి, తాబేలు కాదు. తాబేలు తన పిల్లలను తలపుచేతనే పోషించునని మన పెద్దల మాట. ఈ తీరపు టిసుకలో ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి, నూరుకు పైగా గ్రుడ్లను పూడ్చి, వెనుదిరిగి చూడక సముద్రమున కలియును. పిల్లలను అది ఎన్నడును చూడదు. నక్కల, కుక్కల బారిన పడకుండ ఆ గ్రుడ్లను సేకరించి కంచె లోపల పూడ్చువారు, నలువదియైదు మొదలు అరువది దినములకు పొదిగిన పిల్లలను అలల అంచున విడుతురు. పాలు పట్టరు. పేరు పెట్టరు. ముద్దు చేయరు. అచట విడుచుటయే రక్షణ. టెక్కలి సమీపమున తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను గ్రామస్థులు శుభసూచకములుగ తలచి కాపాడుట మరియొక రీతి. అచట చెట్టు నరకకుండుటయే, రాయి విసరకుండుటయే రక్షణ.

పిల్లికూన ఒక్కటే రాత్రి రెండు గంటలకు లేపును.

విజయనగరపు పూసపాటి వంశమువారు అనువంశిక ధర్మకర్తలుగ గల సింహాచల క్షేత్రము ప్రహ్లాదుని పేరితో ముడివడినది. ఆ ప్రహ్లాదుని గూర్చి ఉత్తరదేశమున హోలీ నాళ్లలో చెప్పుకొను జానపద గాథ యొకటి తెలుగువారిలో అంత ప్రచారము పొందలేదు. ఒక కుమ్మరి స్త్రీ పేర్చిన ఆవములోని కుండలో పిల్లి తన కూనలను దాచినది. ఆమె యెరుగక నిప్పు పెట్టినది. తెలిసిన పిమ్మట ఆర్పుటకు వీలులేక, హరినామము చేయుచు ఆవము ప్రక్కనే కూర్చుండినది. ఆవము చల్లారి విప్పి చూడగా కుండలన్నియు కాలినవి, కూనలున్న కుండ పచ్చిదిగనే యున్నది. దానిని చూచిన రాజకుమారునకు హరి యనువాడొకడు కలడని మొదట తోచెనట. భాగవతమున లేని కథ యిది. అయినను ప్రహ్లాదునకు భక్తిని నేర్పుటకు జానపదులు ఎన్నుకొన్నది ఏనుగును కాదు, గోవును కాదు.

కూన క్రొత్త ఇంటికి పోవు దినమున పాత గుడ్డ ముక్క నొకదానిని బుట్టలో వేసి పంపుట మంచిది. ఆ వాసన కొన్ని రాత్రులు దానికి తోడుగ నుండును. తొలి టీకా వేయించిన కాగితము, తదుపరి టీకాల తేదీలు, రేబీసు టీకా వేయింపవలసిన నెల వ్రాసియియ్యవలెను. పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స చేయించుదుమని మాట తీసికొనవలెను. లేకున్న మరు వర్షాకాలమునకు మరియొక పాకలో మరికొన్ని కూతలు. క్రొత్త ఇంటివారు మొదటి రెండు రాత్రులు అది మంచము క్రిందనుండి రాలేదని చెప్పి పంపుదురు. మూడవనాడు పాత్ర ఖాళీ యైనదని కబురు వచ్చును. పెంచిన ఇంటిలో ఆమెకు మాత్రము మరి కొన్నాళ్ల వరకు రెండు గంటలకు మెలకువ వచ్చుచునే యుండును. పాలసీసా కడిగి గూటిలో బోర్లించి యున్నది. పెరటివైపు చెవియొగ్గి కొంతసేపు కూర్చుండి, ఏ కూతయు వినరాకున్న, ద్వయమంత్రము అనుసంధించుచు తిరిగి పరుండును.